నలుగురు కలిస్తే ఒక అకూన్యా

జాన్స్ క్రీక్, జార్జియా
4 నవంబర్ 2021, దీపావళి

ఒరేయ్ శీనూ,

తిట్టుకో, పడతాను. ఆగస్టులో నువ్వు రాసినదానికి దీపావళి నాడు జవాబు రాస్తున్నాను. రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఆ రెండుసార్లూ మన అట్లాంటా బేస్‌బాల్ జట్టు బ్రేవ్స్ ఓడిపోయారు, రాస్తే దిష్టి తగులుతుందేమోనని కలం మూసేశాను. నవ్వకు. ‘మూడో ఇడ్లీ’ నమ్మకాలున్న నీకు నవ్వే హక్కు లేదు.

ముందు మామూలు కబుర్లు ఒక్క గుక్కలో. అందరం బాగున్నాం, చలి మొదలైంది, అమ్మ వీసా సంగతి ఇంకా తేలలేదు, నువ్వు పంపిన గోంగూర సీసా దారిలోనే కారింది కానీ సగం దక్కింది. నిన్న మనవాళ్లు అఫ్గానిస్థాన్ మీద గెలిచారు, ఆ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. అయిపోయాయి.

ప్రపంచ సిరీస్ గెలిచాం రా! మంగళవారం రాత్రి, హ్యూస్టన్‌లో, 7-0. 1995 తర్వాత మళ్లీ ఇదే. రేపు ఊరేగింపు. అయితే నేను చెప్పాలనుకుంటున్నది మంగళవారం గురించి కాదు, అది నువ్వు చూసే ఉంటావు. నాకు చెప్పాలని కడుపు ఉబ్బిపోతున్నది జులై గురించి. జులై 11న నువ్వు పంపిన మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది. రెండే ముక్కలు: ‘దుకాణం కట్టేయండి.’

ఆ రోజుకి నీ మాటలో తప్పేం లేదు, అది నేనే ఒప్పుకుంటాను. ముందురోజు మయామీలో ఐదో ఇన్నింగ్స్. మయామీవాడు జాజ్ చిజమ్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్ గోడ దగ్గరికి వెళ్తోంది, మన జట్టు స్టార్ అకూన్యా పరిగెత్తి ఎగిరాడు, దిగేటప్పుడు కుడికాలు తేడాగా పడింది. బంతి అందలేదు, చిజమ్ బేసులన్నీ చుట్టి వచ్చి పరుగు తీసేశాడు. మనవాడు నేలమీదే ఉండిపోయాడు. మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగింది, సీజన్ అయిపోయింది. 82 ఆటల్లో 24 హోమ్‌రన్లు, 17 దొంగ బేసులు (బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరుకున్నవి). జట్టులో మొదట బ్యాటింగుకి దిగేవాడు, బాగా పరిగెత్తేవాడు, బాగా విసిరేవాడు అన్నీ అతనే.

పోనీ అతనొక్కడేనా? డార్నో మే 1నే బొటనవేలి లిగమెంటు తెంచుకున్నాడు, అంటే పిచర్ వేసే బంతిని వెనక నిలబడి పట్టే కేచర్ లేకుండా పోయాడు. ఓజూనా మే నెలాఖర్లో బోస్టన్‌లో మూడో బేసుకి జారుతూ రెండు వేళ్లు విరగ్గొట్టుకున్నాడు. ఆ తర్వాత మైదానం బయటి కేసు వల్ల లీగ్ అతన్ని సెలవులో పెట్టింది, ఇక ఈ ఏడు తిరిగి రాలేదు. సోరోకాకి కిందటేడు తెగిన మడమ నరం నయమవుతోందనుకుంటుంటే, జూన్‌లో క్లబ్‌హౌస్‌కి మామూలుగా నడిచి వెళ్తుండగా మళ్లీ తెగింది. నడుస్తుంటే రా! ఇనోవా సంగతి నీకు గుర్తుందిగా. మే మొదట్లో వాషింగ్టన్ మీద గ్రాండ్ స్లామ్ (మూడు బేసులూ నిండి ఉండగా హోమ్‌రన్) కూడా కొట్టిన పిచర్, అంటే బంతి వేసేవాడు. రెండు వారాలు తిరక్కుండా మిల్వాకీలో తనమీద తనకే కోపమొచ్చి బెంచీని గుద్దాడు, చెయ్యి విరిగింది, ఆగస్టు దాకా లేడు. ఇంజనీరింగ్ మూడో ఏట తలుపుని గుద్దిన మహానుభావుడు ఒకడు ఉండేవాడు, పేరు రాయను.

సీజన్ మొదటిరోజు ఔట్‌ఫీల్డ్ ఎవరు? ఓజూనా, పాచే, అకూన్యా. జులై మధ్యకి ఆ ముగ్గురిలో ఒక్కడూ లేడు. పాచే బ్యాటింగ్ సగటు .111కి పడిపోయి కింది జట్టు గ్విన్నెట్‌కి వెళ్లిపోయాడు. బేసుల దగ్గర షార్ట్‌స్టాప్‌గా ఆడే ఆర్సియాని తెచ్చి లెఫ్ట్ ఫీల్డ్‌లో నిలబెట్టారు. సీజన్ మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి 44 గెలుపులు, 45 ఓటములు. ఎవరైనా దుకాణం కట్టేయమనే అంటారు. ఫ్రీమన్ కాంట్రాక్ట్ ఈ ఏటితో అయిపోతుంది, పిచర్ మోర్టన్‌దీ అప్పటికి అంతే. అమ్మేసి పిల్లల్ని తెచ్చుకో, వచ్చే ఏడు చూసుకుందాం. నువ్వన్నది అదే. పేపర్లవాళ్లలోనూ చాలామంది అదే రాశారు.

మరి మన జనరల్ మేనేజర్ ఆంథొపొలస్ ఏం లెక్క వేశాడు? నాకు అర్థమైనంతలో చెప్తాను. అకూన్యాకి బదులు ఇంకో అకూన్యా సంతలో దొరకడు. దొరికినా ఎదిగివస్తున్న కుర్రాళ్లు వాటర్స్‌ని, లాంగిలియర్స్‌ని, మైకేల్ హారిస్‌ని మూట కట్టి ఇవ్వాలి. కాబట్టి ఒక మంచి సరుకు కొనే బదులు, ఏదో ఒక లోపమున్న సరుకు నాలుగు కొన్నాడు. లోపం ఉంది కాబట్టి చవక. నాలుగింటిలో ఒకదాని లోపం ఇంకోదానికి లేదు. మా నాయనమ్మ రైతుబజారు మూసేవేళకి వెళ్లి తెచ్చే వంకాయల్లా అనుకో, పుచ్చు కోసేస్తే మిగతాది కూరకి బ్రహ్మాండం. నువ్వు ఆ కూర తిన్నావు కూడా.

మొదట జాక్ పీడర్సన్. జులై 15, అకూన్యా పడ్డ ఐదో రోజు. కబ్స్‌కి ఇచ్చింది బ్రైస్ బాల్ అనే కింది స్థాయి ఫస్ట్ బేస్‌మన్‌ని. మనకి ఫస్ట్ బేస్‌లో ఫ్రీమన్ ఉన్నాడు, ఆ కుర్రాడు ఇక్కడ ఎక్కివచ్చే దారే లేదు. పీడర్సన్ లోపం ఏమిటి? ఎడమచేతి పిచర్లు వస్తే తేలిపోతాడు. కుడిచేతి వాళ్లమీద మాత్రం బాదుతాడు. మర్నాడే ఆరిజోనా నుంచి స్టీవెన్ వోట్‌ని తెచ్చారు, డార్నో వచ్చేదాకా కేచర్ కొరత తీర్చడానికి.

ఇక జులై 30, శుక్రవారం. ఆటగాళ్ల బేరాలకి సాయంత్రం నాలుగింటికి గడువు. గడువు దాటాక ఆగస్టులో బేరాలకి ఉన్న దొడ్డిదారి కూడా 2019 నుంచి ఎత్తేశారు కదా. నాలుగు దాటితే ఇంటికి వెళ్లిపోవడమే. ఆ ఒక్కరోజే నలుగురు!

ఆడమ్ డువాల్. కిందటి డిసెంబర్‌లో మనమే కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేశాం, జీతం ఎక్కువవుతుందని. మయామీ వెళ్లి ఆ చొక్కాలో మనల్నే బాదాడు. తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చింది అలెక్స్ జాక్సన్ అనే కేచర్‌ని. అదీ మన డివిజన్ జట్టుతోనే బేరం, నవ్వొస్తుంది. లోపం: సగటు తక్కువ, స్ట్రయికౌట్లు ఎక్కువ. కానీ లెఫ్ట్‌లో, సెంటర్‌లో, ఎక్కడైనా నిలబడతాడు. ఏడాది మొత్తానికి 38 హోమ్‌రన్లు, 113 ఆర్బీఐలు (తన బ్యాటుతో రప్పించిన పరుగులు). నేషనల్ లీగ్ మొత్తంలో ఆ 113కి మించినవాడు లేడు.

హోర్హే సోలేర్. 2019లో కాన్సస్ సిటీకి 48 హోమ్‌రన్లు కొట్టినవాడు, ఈ ఏడు అక్కడ సగటు .192. పైగా ఫీల్డింగ్ అంటే నీ బౌలింగ్ లాంటిది. ఈ 2021లో నేషనల్ లీగ్‌లో డీహెచ్ (ఫీల్డింగ్ చెయ్యకుండా పిచర్‌కి బదులు బ్యాటింగ్ మాత్రమే చేసేవాడు) లేదు కాబట్టి అతన్ని రైట్ ఫీల్డ్‌లో దాచాలి, దాగేంత చిన్న శాల్తీ కాదు. ఇచ్చింది కేసీ కాలిచ్ అనే కుర్ర రిలీవర్‌ని, అంటే ఆట మధ్యలో దిగే పిచర్‌ని. వచ్చాక 55 ఆటల్లో 14 హోమ్‌రన్లు.

ఎడీ రోసారియో. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన బేరం. పొత్తికడుపు కండరం పట్టేసి గాయాల జాబితాలో ఉన్నవాణ్ణి కొన్నాడు! సొంత జట్టులో అరడజనుమంది కట్లు కట్టుకుని కూర్చుంటే, పక్క ఊరినుంచి ఇంకో కట్టువాణ్ణి తెచ్చాడన్నమాట. ఆ రోజు నేనూ నోరారా తిట్టాను, అబద్ధమెందుకు. క్లీవ్‌లాండ్‌కి ఇచ్చింది సాండొవాల్‌ని. తీసుకున్న వెంటనే వాళ్లు అతన్ని వదిలేశారు. అంటే క్లీవ్‌లాండ్‌కి కావలసింది ఆటగాడు కాదు, రోసారియో మిగతా జీతం నెత్తిమీంచి దిగడం. వాళ్లకి రెండు నెలల ఆట మిగిలింది, ఆశ మిగల్లేదు. మనకి ఆశ ఉంది, నెల ఆగే ఓపిక ఉంది. ఆగస్టు నెలాఖరు దాకా మైదానంలోకి దిగనేలేదు. సెప్టెంబర్ 19న శాన్ ఫ్రాన్సిస్కోలో సింగిల్, డబుల్, ట్రిపుల్, హోమ్‌రన్ నాలుగూ ఒకే ఆటలో. మొత్తం అయిదు బంతులే చూశాడు, వినడానికే వింతగా లేదూ?

నాలుగోవాడు పిట్స్‌బర్గ్ రిలీవర్ రిచర్డ్ రొడ్రీగెజ్. పిచర్ బ్రైస్ విల్సన్‌తో పాటు ఇంకో కుర్రాణ్ణి ఇచ్చారు. ఆ రోజు నలుగురిలో ఎక్కువ చెల్లించింది ఇతనికేనేమో, చివరికి పెద్దగా అక్కరకు రానిదీ ఇతనే. సంత అంటే అంతే.

అన్నట్టు, మీ బావమరిది అడిగాడన్నావు కదా, ‘నలుగుర్ని తెస్తే వాళ్లని ఎక్కడ కూర్చోబెడతారు’ అని. ఇది అతనికి చదివి వినిపించు. ఆటకి దిగే జట్టు 26 మంది. దాని చుట్టూ 40 మంది జాబితా ఇంకోటి ఉంటుంది, ఆ 40లో పేరు లేనిదే 26లోకి రాలేవు. చిన్న గాయమైతే, ఈ 2021 నియమం ప్రకారం, 10 రోజుల జాబితా. అప్పుడు 26లో చోటు ఖాళీ అవుతుంది, కానీ 40లో పేరు అలాగే ఉంటుంది. సీజన్ పోయే గాయమైతే 60 రోజుల జాబితాలో వేస్తారు, అప్పుడు 40లో కూడా లెక్కకి రాడు. ఇక జులై 30 లెక్క చూడమను. వచ్చింది నలుగురు. 40లోంచి పోయింది సాండొవాల్, జాక్సన్, విల్సన్ ముగ్గురు. ఇచ్చిన మిగతా ఇద్దరు కుర్రాళ్లూ అసలు ఆ 40లోనే లేరు. అంటే ఒక్క చోటు కొరత, అంతే. సీజన్ పోయినవాళ్లని 60 రోజుల్లోకి నెడితే అది సరిపోతుంది. రోసారియో గాయంతోనే వచ్చాడు కాబట్టి 26లో చోటూ అడగలేదు, నెలరోజులు ఖర్చులేని అద్దెకున్నట్టు. గాయపడ్డవాణ్ణి కొనడంలో ఉన్న ఈ సుఖం నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకో మెలిక. ఆప్షన్లు, అంటే కిందికి పంపే అవకాశాలు, మిగిలిన కుర్రాణ్ణి కింది జట్టుకి పంపొచ్చు, పిలవొచ్చు. ఆప్షన్లు అయిపోయినవాణ్ణి దించాలంటే ముందు మిగతా జట్లన్నిటి ముందూ పెట్టాలి, ఎవడైనా ఎగరేసుకుపోతాడు. అందుకే జులైలో ప్రతివాడూ మొదట చూసేది సగటు కాదు, ఎన్ని ఆప్షన్లున్నాయి అని. మనకి కలిసొచ్చిందేంటంటే మన ట్రిపుల్-ఏ జట్టు (పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద) ఉన్నది గ్విన్నెట్‌లో, అట్లాంటా శివార్లలోనే. పొద్దున ఫోన్ చేస్తే సాయంత్రం ఆటకి కారేసుకుని వచ్చేస్తాడు.

అదే గడువుకి న్యూయార్క్ మెట్స్ ఏం చేశారో చూడు. అప్పుడు డివిజన్‌లో వాళ్లే ముందున్నారు, కానీ వాళ్ల మేటి పిచర్ డిగ్రోమ్ జులై 7 తర్వాత మళ్లీ బంతి వెయ్యలేదు. పిచర్ కరువున్న ఇంటికి హావీ బాయెజ్‌ని తెచ్చారు. దానికి, ముందటేడే కొత్త కుర్రాళ్ల ఎంపికలో మొదటి రౌండులో తీసుకున్న క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఇచ్చేశారు. కూడా ట్రెవర్ విలియమ్స్ అనే పిచర్ వచ్చాడనుకో, అతను డిగ్రోమ్ కాదుగా. 77-85తో మూడో స్థానం. మనం నలుగురు ఔట్‌ఫీల్డర్లకి ఇచ్చినదంతా కలిపినా ఆ ఒక్క కుర్రాడి తూకం రాదు.

కాదు, అదృష్టం లేదని అనను. ఆ నలుగురు ఔట్‌ఫీల్డర్లూ ఒకేసారి పేలడం అదృష్టమే. కానీ పేలకపోయినా పోయేది ఎవరు? ఒక్క పెద్ద పేరు కూడా కాదు. ఆ లెక్కే నాకు నచ్చింది. ఆగస్టు 6 దాకా గెలుపులు ఓటముల్ని దాటనే లేదు, ఆగస్టు మధ్యలో మొదటి స్థానం, చివరికి 88-73. ప్లేఆఫ్స్‌కి వచ్చిన పది జట్లలో తక్కువ గెలుపులు మనవే! ఇంకోటి విను, ఒళ్లు జలదరిస్తుంది. విరామానికి ముందు 44 గెలుపులు, తర్వాత 44 గెలుపులు. మన బ్రేవ్స్ మహా ఆటగాడు హ్యాంక్ ఆరన్ చొక్కా నంబర్ 44. ఆయన జనవరిలోనే పోయారు. నేను ఇలాంటివి నమ్మను కానీ

సరే, ఎక్కడున్నాను. అక్టోబర్. నలుగురున్నందుకు లాభం ఎక్కడ తేలిందో చెప్తాను. మిల్వాకీ మీద నాలుగో ఆట ముందు సోలేర్‌కి కోవిడ్. రెండు నెలల క్రితమైతే గుండె ఆగేది. ఇప్పుడేమైంది? డాడ్జర్స్ మీద రోసారియో బ్యాటింగులో మొదటి స్థానంలోకి జరిగాడు, అకూన్యా నిలబడే చోట. ఆరు ఆటల్లో 14 హిట్లు, సగటు .560. 106 ఆటలు గెలిచిన జట్టు మీద! ఆరో ఆటలో వాళ్ల పిచర్ బ్యూలర్ మీద మూడు పరుగుల హోమ్‌రన్ పడ్డప్పుడు పక్కింటి తెల్లాయన కంచె మీంచి చెయ్యి చాపి నా చెయ్యి ఊపేశాడు, నాలుగేళ్లలో అదే మా మొదటి సంభాషణ.

ప్రపంచ సిరీస్ నాలుగో ఆట మాత్రం ఇంకోసారి చూడు, ఏడో ఇన్నింగ్స్ నుంచి చాలు. అట్లాంటాలో ఆట, డీహెచ్ లేదు, రైట్ ఫీల్డ్ పీడర్సన్‌ది, సోలేర్ బెంచీ మీద. 2-1తో వెనకబడి ఉన్నాం. స్వాన్సన్ కొట్టి సమం చేశాడు. తర్వాత బ్యాటింగు పిచర్ వంతు. అక్కడ సోలేర్‌ని దించారు. హ్యూస్టన్ పిచర్ హావియేర్ బంతి వేశాడు, లెఫ్ట్ ఫీల్డ్ గోడకి జానెడు ఎత్తులోంచి అవతలికి. 3-2. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హ్యూస్టన్ ఆల్టూవే లోతుగా కొడితే రోసారియో వెనక్కి పరిగెత్తి, గోడ తగిలేలోపు తలకూడా తిప్పకుండా చేతొడుగు వెనక్కి చాపాడు. బంతి వచ్చి అందులో కూర్చుంది. అతనికి కూడా తెలీదు ఎలా పట్టాడో, మొహం చూస్తే తెలుస్తుంది. కొట్టినవాడూ పట్టినవాడూ ఇద్దరూ జులై 30 సరుకే. బెంచీ మీద కూర్చున్నవాడు 48 హోమ్‌రన్ల మనిషి అయినప్పుడు జట్టు ఎలా ఉంటుందో చూడు! ఆరో ఆట హ్యూస్టన్‌లో కాబట్టి డీహెచ్ ఉంది, సోలేర్‌ని దాచే బాధ లేదు. మూడో ఇన్నింగ్స్‌లో కొట్టినది గోడ, రైలు పట్టాలు దాటి వీధిలో పడింది. సిరీస్ ఉత్తముడు అతనే.

పీడర్సన్ మెడలో ముత్యాల దండ చూశావా? సెప్టెంబర్ చివర్లో ఎందుకో వేసుకున్నాడు, ఇక తియ్యలేదు. ఊరు ఊరంతా మగాళ్లు ముత్యాలు వేసుకు తిరుగుతున్నారు. నాకు పత్తర్‌గట్టీ గుర్తొచ్చింది. ఒక డబ్బా పంపి ఉంటే ఈపాటికి ఇద్దరం ఉద్యోగాలు మానేసేవాళ్లం.

మోర్టన్ సంగతి కూడా చెప్పాలి. ప్రపంచ సిరీస్ మొదటి ఆటలో హ్యూస్టన్ గురియెల్ కొట్టిన బంతి కాలికి తగిలి ఎముక విరిగింది. విరిగిన కాలితో ఇంకో 16 బంతులు వేశాడు, ఆల్టూవేని ఔట్ చేసి మరీ దిగాడు. అతని చోటులోకి టకర్ డేవిడ్‌సన్ వచ్చాడు. అంతకుముందు డాడ్జర్స్ సిరీస్‌లో ఇనోవాకి భుజం పట్టేస్తే డిలన్ లీ వచ్చాడు. నియమం ఏమిటంటే ఆగస్టు 31కి సంస్థలో ఉండాలి, గాయమైనవాడికి బదులు అలాంటి ఎవణ్ణయినా ఎక్కించొచ్చు. నటరాజన్‌కి కోవిడ్ వస్తే ఉమ్రాన్ మాలిక్‌ని దించారే, అలా. వసంతంలో మయామీ వదిలేసిన ఈ లీ మొదటిసారి పెద్ద లీగులో బంతి వేసిందే అక్టోబర్ 1న. ఆ నెల 30న ప్రపంచ సిరీస్‌లో ఆట మొదలుపెట్టాడు! అతని జీవితంలో అదే మొదటి స్టార్ట్. ఇంతకీ మన సన్‌రైజర్స్‌కి 14 ఆటల్లో మూడు గెలుపులు, అట్టడుగు స్థానం. దాని గురించి నేనేం అనను, నీ పుండు నీకుంది.

ఒక్కటే బెంగ. ఫ్రీమన్. కాంట్రాక్ట్ అయిపోయింది, సంతకం ఇంకా లేదు. మంగళవారం చివరి ఔట్ స్వాన్సన్ విసిరితే అతని చేతొడుగులోనే పడింది, ఆ బంతిని వెనకజేబులో దోపుకున్నాడు. ఇలాంటివాణ్ణి వదులుతారా అని అందరూ అంటున్నారు. నాకు మాత్రం డువాల్ గుర్తొస్తున్నాడు. లెక్క కుదరకపోతే వదిలేసే మనిషే ఆంథొపొలస్. జులైలో మనకి నచ్చిన ఆ రాయిలాంటి గుణమే డిసెంబర్‌లో మనల్ని ఏడిపిస్తుందేమో. సోలేర్, రోసారియో కూడా ఇప్పుడు సంతలోనే ఉన్నారు, ఈసారి చవక కాదు. అకూన్యా ఎప్పటికి పరిగెత్తగలడో, ఏప్రిల్‌కి మాత్రం కష్టమే అనిపిస్తోంది. నా మాట వింటే రోసారియోని ఉంచుకుని, పీడర్సన్‌ని...

ఆగరా, కింద కేకలు. పిల్లలు చిచ్చుబుడ్లు బయట పెట్టేశారట, అగ్గిపెట్టె నా జేబులో ఉంది. చెల్లెమ్మకి, అమ్మగారికి చెప్పు. మీ బావమరిదికి ఆప్షన్ల సంగతి అర్థం కాకపోతే ఆదివారం ఫోన్ చెయ్యమను. ‘దుకాణం’ పందెం బాకీ గుర్తుంచుకో, బందరు లడ్డూ కిలో, నేతిది. గోంగూరలాగా కారేది కాదుగా

నీ
సత్తి